మట్టికి మందు చెప్పిన మేష్టారు

మా సంతోష్‌నగర్‌లో పక్కింటి చిన్నమ్మగారి అల్లుడు ఫ్రాన్సులో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న సెలవులకి వచ్చినప్పుడు పెట్టె తెరిస్తే చాక్లెట్లు, సబ్బులు, సెంటు సీసాల మధ్య నుంచి పొడుగాటి ఆకుపచ్చ సీసా ఒకటి బయటపడింది. తెల్ల ద్రాక్షతో చేసిన వైను! చిన్నమ్మ గుండె గుభేలుమంది. పూజ గది ఉన్న ఇంట్లో ఇదేం పని నాయనా అని ఆవిడ నెత్తి కొట్టుకుంది. అల్లుడు నవ్వి, తాగడానికి కాదత్తయ్యా, మామయ్యకి చూపించడానికి తెచ్చానని సర్దిచెప్పాడు.

ఇంతకీ ఆ సీసాలో చూపించేంత వింత ఏముంది? అది ఒక చిన్న కుటుంబం సొంత తోటలో పండించిన ద్రాక్షట. అక్కడ రసాయన ఎరువు ముట్టుకోరట. ఆవు కొమ్ములో పేడ కూరి, ఆరు నెలలు భూమిలో పాతిపెట్టి, తర్వాత తీసి నీళ్ళలో గిలక్కొట్టి తోటంతా చల్లుతారట. ఏ రోజు కొమ్మలు కత్తిరించాలో, ఏ రోజు పళ్ళు కొయ్యాలో చంద్రుడి నడక చూసుకుని నిర్ణయించుకుంటారట.

ఇది విని చిన్నమ్మగారి అత్తగారు బోసినోటితో పకపకా నవ్వారు. దేవరకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన పెద్దమనిషి ఆవిడ. కార్తె చూసి విత్తనం వెయ్యడం, పెంట కుప్ప చల్లి దున్నడం మేం పుట్టకముందు నుంచీ ఉన్నదే కదా, తెల్లదొరలకి ఇది ఎవరు చెప్పారూ అని ఆవిడ అడిగారు. అల్లుడి దగ్గర జవాబు లేదు.

ఆవిడ అడిగింది మంచి ప్రశ్న. ఎవరు చెప్పారు? ఒక బడి మేష్టారు చెప్పారు. నాగలి పట్టి ఎరగని మనిషి. ఆయన పేరు రుడాల్ఫ్ స్టైనర్. ఆయన జీవితంలో మన మదనపల్లెకీ ఒక ముడి ఉంది. ఇప్పుడు మన అరకు కొండల మీద గిరిజన ఆడవాళ్ళు చేస్తున్న సేద్యం వరకూ ఆ కథ సాగింది. అందుకే ఈ వారం ఆయన సంగతి చెప్పుకుందాం.

రైలు కట్ట పక్క బాల్యం

స్టైనర్ 1861 ఫిబ్రవరిలో క్రాల్యెవెక్ అనే ఊళ్ళో పుట్టారు. అప్పుడది ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉండేది. ఇప్పుడు క్రొయేషియా దేశంలో ఉంది. తండ్రి యోహాన్ ఒక జమీందారు అడవిలో వేట జంతువుల కాపలా ఉద్యోగి. ఫ్రాన్సిస్కా అనే అమ్మాయిని ఇష్టపడ్డాడు. పెళ్ళి చేసుకుంటానంటే జమీందారు ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో దొర అనుమతి లేనిదే నౌకరుకి పెళ్ళి కూడా లేదు మరి! యోహాన్ ఆ కొలువు వదిలేసి రైల్వేలో టెలిగ్రాఫ్ ఉద్యోగంలో చేరి ఆ అమ్మాయినే పెళ్ళాడాడు. వాళ్ళ మొదటి బిడ్డే రుడాల్ఫ్. తర్వాత లియోపోల్డీన్ అనే చెల్లెలు, గుస్తావ్ అనే తమ్ముడు పుట్టారు. తమ్ముడు పుట్టు చెవిటి.

రైల్వే ఉద్యోగి సంసారం ఎలా ఉంటుందో మనలో చాలామందికి తెలుసు. బదిలీ మీద బదిలీ, చిన్న క్వార్టరు, చాలీచాలని జీతం. ఇంటి ముందు రైలు పట్టాలు, వెనక కొండలు, అడవి. పిల్లలు అడవిలో పళ్ళు ఏరుకొచ్చేవారు. హైస్కూలు పక్క ఊళ్ళో. మంచు పడ్డ రోజుల్లో గంటసేపు నడిచి రావాలి. సాయంత్రం అన్న చేతిలోని పుస్తకాల సంచి అందుకోడానికి చెల్లెలు ఎదురు వెళ్ళేది. ఇలాంటి చెల్లెళ్ళు చరిత్రలో ఎక్కడా కనబడరు. కానీ ఏ పెద్దమనిషి జీవితం తిరగేసినా ఎక్కడో ఒకచోట ఉండే ఉంటారు.

కుర్రవాడు చదువుల పుట్ట. చరిత్ర మేష్టారు క్లాసులో పుస్తకం చూసి చదివేయడం తప్ప ఇంకేమీ చెప్పేవాడు కాదు. దాంతో ఇతగాడు కాంట్ అనే తత్వవేత్త రాసిన గ్రంథం కాగితాలు విప్పి, చరిత్ర పుస్తకం పేజీల మధ్య కుట్టుకుని, ఆ పీరియడ్‌లో దర్జాగా తత్వశాస్త్రం చదువుకున్నాడు! పదిహేనో ఏడు నుంచే తోటి పిల్లలకి ట్యూషన్లు చెప్పి ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చేవాడు. 1879లో వియన్నాలో సాంకేతిక విద్యాలయంలో సీటొచ్చింది. కొడుకు చదువు కోసం తండ్రి వియన్నా దగ్గర స్టేషనుకి బదిలీ పెట్టించుకున్నాడు.

రోజూ రైల్లో వెళ్ళి వచ్చేటప్పుడు ఫెలిక్స్ అనే ఒకాయన పరిచయమయ్యాడు. కొండల్లో మూలికలు ఏరి, మూట కట్టుకుని వియన్నా మందుల దుకాణాల్లో అమ్ముకునే సామాన్యుడు. పెద్ద చదువు లేదు. కానీ ఏ మొక్క ఏ వేళ కొయ్యాలి, ఏ వేరుకి ఏ గుణం ఉంటుంది అన్నది ఆయనకి కొట్టిన పిండి. కాలేజీ ప్రొఫెసర్ల పాఠాలు ఒక ఎత్తు, రైలు పెట్టెలో ఈ మూలికలాయన మాటలు ఒక ఎత్తు. తర్వాత ఎప్పుడో స్టైనర్ మట్టి గురించి, మొక్క గురించి మాట్లాడినప్పుడు ఆ మూటలోని వాసన అందులో ఉంది.

రబ్బరుతో చెరిపిన పుస్తకం

ఇప్పుడు తల్లులు తప్పక వినాల్సిన సంగతి ఒకటి.

1884లో స్టైనర్ వియన్నాలో స్పెక్ట్ అనే వ్యాపార కుటుంబంలో ట్యూషన్ మేష్టారుగా చేరారు. ఆ ఇంట్లో నలుగురు మగపిల్లలు. అందులో ఓటో అనే పదేళ్ళ వాడికి పుట్టుకతో తలలో నీరు చేరిన జబ్బు. నాలుగు నిమిషాలు పుస్తకం పట్టుకుంటే తలనొప్పి, ముఖం పాలిపోవడం. బడిలో చేర్చడానికి పరీక్ష పెడితే పిల్లాడు ఇచ్చిన పుస్తకంలో ఒక్క అక్షరం లేదు. రబ్బరుతో చెరిపి చెరిపి పెట్టిన పెద్ద కన్నం మాత్రం ఉంది. వీడికి చదువు రాదు, ఆశ వదులుకోండి అని అందరూ తేల్చేశారు.

తల్లి పౌలీన్ ఆశ వదులుకోలేదు. కొత్త మేష్టారూ వదులుకోలేదు. ముందు పిల్లాడి ప్రేమ సంపాదించాలి, చదువు తర్వాత వస్తుంది అన్నది ఆయన లెక్క. అరగంట పాఠం చెప్పడానికి ఒక్కోసారి రెండు గంటలు తయారయ్యేవారు. పిల్లాడు అలిసిపోకుండా తక్కువ మాటల్లో ఎక్కువ ఎలా చెప్పాలి, ఎక్కడ ఆపాలి, ఎప్పుడు ఆడించాలి అని కూర్చుని ఆలోచించేవారు. రెండేళ్ళలో ఓటో మిగతా పిల్లలతో సమానంగా వచ్చి హైస్కూలు ప్రవేశ పరీక్ష ప్యాసయ్యాడు. అక్కడితో ఆగలేదు. డాక్టరయ్యాడు! మొదటి ప్రపంచ యుద్ధంలో డాక్టరుగా పనిచేస్తూ కన్నుమూశాడు. ఆ బిడ్డ కోసమే బతికిన తల్లి కూడా ఆ తర్వాత ఎంతో కాలం బతకలేదు.

ఆరేళ్ళు ఆ ఇంట్లో ఉండి స్టైనర్ నేర్చుకున్నది పెద్ద పెద్ద కాలేజీల్లో కూడా దొరకని చదువు. ఇంట్లో చెవిటి తమ్ముణ్ణి చూసిన మనిషి, బయట ఓటోని చూసిన మనిషి. ఏ పిల్లాడినీ పనికిరానివాడు అనకూడదని ఆయనకి ఆ రోజుల్లోనే గట్టిపడింది.

మదనపల్లె కుర్రవాడితో పేచీ

తర్వాత ఆయన వైమార్ వెళ్ళి, మహాకవి గోథే రాసిన విజ్ఞాన గ్రంథాలకి సంపాదకత్వం చేశారు. 1891లో డాక్టరేట్ వచ్చింది. ఆ తర్వాత బెర్లిన్ చేరి 1899 నుంచి కార్మికుల బడిలో ఫ్యాక్టరీ కూలీలకి చరిత్ర పాఠాలు చెప్పారు. అదే ఏడు ఆనా అయునికే అనే వితంతువుని పెళ్ళాడారు. ఆవిడ ఆయనకన్నా వయసులో పెద్దది, అయిదుగురు పిల్లల తల్లి. వైమార్‌లో ఆయన అద్దెకున్నది ఆవిడ ఇంట్లోనే.

1902లో జర్మనీలో దివ్యజ్ఞాన సమాజం శాఖకి స్టైనర్ ప్రధాన కార్యదర్శి అయ్యారు. మద్రాసు అడయారులో పెద్ద మర్రిచెట్టు ఉన్న తోట మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ సమాజం కేంద్రం అదే. అనీబిసెంట్ దానికి 1907లో అధ్యక్షురాలయ్యారు.

1909లో ఆ అడయారు బీచిలో ఒక సన్నపాటి తెలుగు పిల్లవాడు సమాజం పెద్దల కంట పడ్డాడు. మదనపల్లెలో పుట్టి, పదేళ్ళకే తల్లిని పోగొట్టుకున్న జిడ్డు కృష్ణమూర్తి. లోకాన్ని ఉద్ధరించడానికి రాబోయే జగద్గురువు ఈ బాలుడిలోనే దిగివస్తాడని వాళ్ళు నమ్మారు. ఆ నమ్మకం చుట్టూ 1911లో ఒక సంఘమే కట్టారు. ప్రపంచమంతా వేల మంది చేరారు.

స్టైనర్ ఒప్పుకోలేదు. ఒక చిన్న పిల్లవాణ్ణి దేవుడి పీట మీద కూర్చోబెట్టడం తన మనసుకి పట్టదన్నారు. అనీబిసెంట్‌తో మాటామాటా పెరిగింది. 1912 డిసెంబరులో ఆయన మద్దతుదారులు కొలోన్ నగరంలో ఆంత్రోపోసోఫీ సొసైటీ అనే వేరే సంఘం పెట్టుకున్నారు. మనిషి గురించిన జ్ఞానం అని ఆ పేరుకి అర్థం. కొన్ని నెలలకే పాత సమాజంతో సంబంధం పూర్తిగా తెగిపోయింది.

చిత్రం చూడండి. ఆ పిల్లవాడు పెద్దయ్యాక 1929లో, తన కోసం కట్టిన ఆ సంఘాన్ని తనే రద్దు చేశాడు. గురువూ వద్దు, శిష్యులూ వద్దన్నాడు. అది చూడడానికి స్టైనర్ లేరు. పోయి నాలుగేళ్ళయింది. ఇద్దరూ కలిసింది లేదు, మెలిసింది లేదు. కానీ ఇద్దరూ చివరికి బడుల దగ్గరకే చేరారు. కృష్ణమూర్తి పేరుతో మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ వెలిసింది. స్టైనర్ పేరుతో ఏం వెలిసిందో ఇప్పుడు చూద్దాం.

మగపిల్లల చేతికి అల్లిక సూదులు

మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయింది. జర్మనీ చితికిపోయింది. స్టుట్‌గార్ట్ నగరంలో వాల్డార్ఫ్ ఆస్టోరియా అనే సిగరెట్ ఫ్యాక్టరీ ఉండేది. దాని యజమాని ఎమిల్ మోల్ట్ తన కార్మికుల పిల్లల కోసం బడి పెట్టమని స్టైనర్‌ని అడిగారు. 1919 సెప్టెంబరు 7న ఆ బడి తెరిచారు. 256 మంది పిల్లలు. కూలీ బిడ్డలూ, గొప్పింటి బిడ్డలూ ఒకే బెంచీ మీద. ఆడపిల్లలూ, మగపిల్లలూ ఒకే క్లాసులో. ఆ కాలానికి అది చిన్న విషయం కాదు.

అక్కడ ఇంకో విడ్డూరం ఉంది. ఆడపిల్లలతో పాటు మగపిల్లలకి కూడా ఊలు అల్లిక, కుట్టుపని నేర్పారు. వేళ్ళు చురుగ్గా కదిలితే బుద్ధి చురుగ్గా కదులుతుందన్నది ఆయన మాట. మన ఇళ్ళల్లో ఇప్పటికీ మగపిల్లాడు చొక్కా గుండీ కుట్టుకోవడం రాక అమ్మ కోసం కేకేస్తాడు. నూరేళ్ళ కిందటే ఆ మేష్టారు వాడి చేతికి సూది ఇచ్చారు!

చిన్న తరగతుల్లో ర్యాంకులు లేవు, ఫెయిలవడాలు లేవు. కథ, పాట, బొమ్మ, చేతిపని. ఆ పద్ధతి బడులు ఇప్పుడు ప్రపంచమంతా వెయ్యికి పైగా ఉన్నాయి. మన హైదరాబాదులో కూడా 1990ల చివర్లో మొదలయ్యాయి.

కాలిపోయిన మందిరం, నిలబడ్డ ఆడవాళ్ళు

స్టైనర్ పనిలో ఆడవాళ్ళ చెయ్యి ఎంత ఉందో చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది.

మేరీ ఫాన్ సీవర్స్ అనే ఆవిడ నాటకం, పద్య పఠనం నేర్చుకున్న విదుషి. 1902 నుంచి ఆయన పనిలో కుడిభుజం. ఉపన్యాసాలు అచ్చు వేయించింది, పర్యటనలు చూసుకుంది. మరి ఇంట్లో ఆనా? ఆవిడకి ఆ లోకం పట్టలేదు. కొన్నేళ్ళకే విడిపోయింది. 1911లో కన్నుమూసింది. 1914లో స్టైనర్ మేరీని పెళ్ళి చేసుకున్నారు. పెద్దవాళ్ళ జీవితాల్లో కూడా ఇలాంటి మూలలు ఉంటాయి. పట్టం కట్టేటప్పుడు అవి దాచిపెట్టనక్కర్లేదు. ఆయనకి తిండీ నీడా ఇచ్చిన ఆనాని కూడా ఒకసారి తలుచుకుంటే చాలు.

స్విట్జర్లండ్‌లో డోర్నాక్ అనే ఊరి గుట్ట మీద 1913లో ఆయన ఒక కొయ్య మందిరానికి శంకుస్థాపన చేశారు. రెండు గోపురాలు, లోపలంతా చెక్కడాలు. పక్కన యుద్ధం జరుగుతోంది, ఫిరంగుల మోత వినిపిస్తోంది. అయినా ఒకరితో ఒకరు యుద్ధం చేసుకుంటున్న దేశాల వాళ్ళు అక్కడ పక్కపక్కన కూర్చుని ఉలి పట్టారు. ఈడిత్ మేరియన్ అనే ఇంగ్లీషు శిల్పకారిణి ఆయనతో కలిసి పెద్ద కొయ్య విగ్రహం చెక్కింది. 1922 డిసెంబరు 31 రాత్రి ఆ మందిరానికి నిప్పంటుకుంది. తెల్లారేసరికి బూడిద. పదేళ్ళ శ్రమ!

మర్నాడు కొత్త సంవత్సరం. ముందుగా అనుకున్న కార్యక్రమం పక్కనున్న కొట్టంలో యథాప్రకారం జరిపించారు స్టైనర్. ఏడాది తిరిగేసరికి సొసైటీని కొత్తగా నిర్మించారు. నడిపే కార్యవర్గంలో ఆరుగురు. అందులో ముగ్గురు ఆడవాళ్ళు... మేరీ, గణితం చదివిన ఎలిజబెత్ ఫ్రేడ, డాక్టరు ఈటా వెగ్మన్. 1923లో సగానికి సగం! మన చట్టసభల లెక్క మీకు తెలిసిందే.

ఈ ఈటా వెగ్మన్ జావాలో పుట్టిన డచ్చి అమ్మాయి. జూరిక్‌లో వైద్యం చదివి, 1921లో డోర్నాక్ పక్కనే ఆర్లెస్‌హైమ్‌లో ఆస్పత్రి పెట్టింది. బుద్ధి ఎదగని పిల్లల్ని దాచిపెట్టకుండా, వాళ్ళకి తగిన ఇల్లూ చదువూ ఇవ్వాలని 1924లో స్టైనర్ చెప్పిన పాఠాలని ఆచరణలో పెట్టినవాళ్ళలో ఆవిడ ముందుంది. ఆ పాఠాల వెనక ఓటో ఉన్నాడని మీకు వేరే చెప్పాలా?

పది రోజుల పాఠం

ఇక మన ఆవుకొమ్ము దగ్గరకి వద్దాం.

యుద్ధంలో మందుగుండు కోసం కట్టిన నత్రజని ఫ్యాక్టరీలు యుద్ధం తర్వాత పొలాల్లోకి ఎరువు పంపించసాగాయి. పంట దండిగా వచ్చింది. కానీ విత్తనం పూర్వంలా నాలుగు కాలాలు నిలబడడం లేదని, పశువులకి రోగాలు ఎక్కువయ్యాయని కొందరు రైతులు కంగారు పడ్డారు. ఏదైనా దారి చెప్పమని స్టైనర్ చుట్టూ తిరిగారు. 1924 జూన్ 7 నుంచి 16 దాకా కోబెర్‌విట్జ్ అనే ఊళ్ళో, కైజర్‌లింక్ అనే జమీందారు దంపతుల ఇంట్లో ఆయన ఎనిమిది ఉపన్యాసాలు ఇచ్చారు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. మన లెక్కలో అది సరిగ్గా మృగశిర కార్తె ప్రవేశించే సమయం. వంద మందికి పైగా విన్నారు.

ఆయన చెప్పింది ఏమిటంటే... పొలం అంటే ఒక ప్రాణి. దానికి కావలసిన ఎరువు దాని పశువుల నుంచే రావాలి. బయట నుంచి కొనితెచ్చి పోసేది తగ్గాలి. చచ్చిన మట్టికి మళ్ళీ ప్రాణం రావాలి. అందుకు కొన్ని మందులు చెప్పారు. ఆవు కొమ్ములో పచ్చిపేడ నింపి చలికాలమంతా పాతిపెట్టాలి. తీసేసరికి అది కంపు లేని నల్లటి మట్టిలా మారుతుంది. దాన్ని నీళ్ళలో వేసి, గంటసేపు సుడి తిరిగేలా ఒకసారి ఇటు, ఒకసారి అటు కలిపి సాయంత్రం పూట నేల మీద చల్లాలి. మన దేశంలో ఎకరానికి 25 గ్రాములు, 15 లీటర్ల నీళ్ళు అని లెక్క చెబుతారు. దసరా రోజుల్లో పాతి ఉగాది ముందు తీస్తారు. ఇంకో కొమ్ములో చెకుముకి రాయి పొడి. పెంటకుప్పలో వెయ్యడానికి దురదగొండి లాంటి ఆకు, చామంతి జాతి పూలు, ఓక్ చెట్టు బెరడు వగైరా ఆరు రకాలు.

అప్పటికే ఆయన ఒంట్లో బాగాలేదు. పగలు అక్కడ పాఠం చెప్పి, సాయంత్రం పక్కనే బ్రెస్లావ్ నగరంలో ఇంకో ఉపన్యాసం. సెప్టెంబరు 28న ఆఖరి ప్రసంగం, అదీ మధ్యలోనే ఆపేశారు. మంచం పట్టాక కూడా ఆత్మకథ వారం వారం రాసి పత్రికకి పంపేవారు. ఈటా వెగ్మన్ దగ్గరుండి సేవ చేసింది. 1925 మార్చి 30న డోర్నాక్‌లో, చెక్కుతున్న కొయ్య విగ్రహం పక్క గదిలోనే కన్నుమూశారు. వయసు 64. ఆత్మకథ సగంలోనే ఆగిపోయింది. ఆవుకొమ్ము పాఠం తర్వాత ఆయన బతికింది పది నెలలు కూడా లేదు. ఆ మందులు ఒక్క పంట మీద కూడా పూర్తిగా పనిచెయ్యడం ఆయన చూడలేదు.

ఆయన పోయాక ఇంట్లో పెద్దాయన పోయినట్టే అయింది. వారసుల మధ్య తగువులు. 1935లో ఈటా వెగ్మన్‌నీ, ఎలిజబెత్ ఫ్రేడనీ కార్యవర్గం నుంచి తీసేశారు. అదే ఏడు హిట్లర్ ప్రభుత్వం జర్మనీలో ఆ సంఘాన్ని నిషేధించింది.

కొమ్ము నుంచి ద్రాక్ష గుత్తికి

ద్రాక్ష మహా సున్నితమైన పంట. బూజు తెగులు పట్టిందంటే వారం తిరక్కుండా తోట పోతుంది. అందుకే మందులు ఎక్కువ కొట్టే పంటల్లో అదొకటి. అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తిని పెరిగిన మన ఊరివాళ్ళం... పళ్ళు ఉప్పు నీళ్ళలో కడిగి కానీ పిల్లలకి పెట్టం కదా! తినేవాళ్ళకే ఇంత భయముంటే, రోజూ ఆ మందు భుజాన మోసి కొట్టేవాళ్ళ సంగతేమిటి?

ఫ్రాన్సులో అల్సాస్ ప్రాంతంలో బెర్గోల్జ్ అనే పల్లె ఉంది. అక్కడ యూజీన్ మేయర్ అనే ద్రాక్ష రైతుకి పురుగుల మందు వల్ల కంటి నరం దెబ్బతింది. హోమియో డాక్టరు ఒకరు ఈ స్టైనర్ పద్ధతి చెప్పారు. 1969లో మేయర్ కుటుంబం తమ తోటని ఇందులోకి మార్చేసింది. ఫ్రాన్సులో ద్రాక్షకి ఇది వాడిన తొలివాళ్ళలో వాళ్ళని చెబుతారు. లువార్ నది ఒడ్డున నికోలా జోలీ బ్యాంకు ఉద్యోగం మానేసి వచ్చి, సన్యాసులు 12వ శతాబ్దంలో నాటిన పాత తోటని 1984 నాటికి ఇలా మార్చారు. అక్కడ పండేదీ తెల్ల ద్రాక్షే.

బర్గండీ ప్రాంతంలో తెల్ల వైనుకి పెట్టింది పేరైన లెఫ్లేవ్ కుటుంబంలో ఆన్ క్లాడ్ అనే ఇల్లాలు ఈ పని చేసింది. 1990లో కొంత తోటలో పాత పద్ధతి, కొంత తోటలో కొత్త పద్ధతి పెట్టి, రెండు వైన్లూ పేరు చెప్పకుండా రుచి చూపించింది. కొత్త పద్ధతిదే బాగుందన్నారు. 1997 నాటికి తోటంతా మార్చేసింది. మగవాళ్ళ రాజ్యమైన ఆ వృత్తిలో ఆవిడ మాట చెల్లింది. 2015లో చనిపోయేవరకూ అదే దారి.

ఇక్కడ నవ్వొచ్చే సంగతి ఒకటుంది. ఆధ్యాత్మిక సాధనకి మద్యం అడ్డమని చెప్పి దూరంగా ఉన్న మనిషి స్టైనర్. ఆయన చెప్పిన సేద్యానికి ఇవాళ లోకంలో ఎక్కువ పేరు తెచ్చిపెట్టింది వైను సీసాయే!

నమ్మాలా, వద్దా?

ఇంతా చదివాక మీకు అనుమానం రాకుండా ఉండదు. కొమ్ములో నిజంగా మహిమ ఉందా?

లెక్కలు చూద్దాం. స్విట్జర్లండ్‌లో 1978 నుంచి ఒకే పొలంలో మూడు పద్ధతులూ పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. 21 ఏళ్ళ ఫలితాలు 2002లో బయటపెట్టారు. సేంద్రియ పద్ధతుల్లో దిగుబడి 20 శాతం తగ్గింది. కానీ ఎరువు, ఇంధనం మూడో వంతు నుంచి సగం దాకా మిగిలింది. పురుగుల మందు 97 శాతం తగ్గింది. వానపాములు, మట్టిలో మేలు చేసే జీవాలు బాగా పెరిగాయి. కాబట్టి పేడ ఎరువు, పంట మార్పిడి, మందులు మానడం... వీటి మేలు నిజం. కొమ్ము వల్ల, చంద్రుడి వల్ల విడిగా ఇంత లాభం అని మాత్రం సైన్సు తేల్చలేదు. చాలామంది శాస్త్రవేత్తలు అది నమ్మకమే అంటారు.

స్టైనర్ చెప్పినవన్నీ వేదవాక్కులు కావు. మనుషుల జాతుల గురించి ఆయన చెప్పిన కొన్ని మాటలు ఇవాళ తప్పని ఆయన బడుల వాళ్ళే ఒప్పుకుంటున్నారు. క్యాన్సర్‌కి ఆయన బదనిక మందు సూచించారు. దాని వల్ల జబ్బు నయమవుతుందని గట్టి రుజువు లేదు. రొమ్ములో గడ్డ కనబడిన ఏ అక్కా, ఏ వదినా ఇలాంటి మాటలు విని ఆపరేషన్ వాయిదా వెయ్యకూడదు. వడ్లు తీసుకుని ఊక వదిలెయ్యడం మనకి చాటతో పుట్టిన విద్య. పెద్దల మాటల విషయంలోనూ అదే పని చెయ్యాలి.

అరకు నుంచి పారిస్‌కి

చివరగా మన ఇంటి సంగతి. విశాఖ మన్యంలో అరకు లోయ గిరిజన కుటుంబాలకి ఎకరం, రెండెకరాల కాఫీ తోటలు. హైదరాబాదుకి చెందిన నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో వాళ్ళు సహకార సంఘంగా ఏర్పడి, ఈ స్టైనర్ పద్ధతిలో సేద్యం నేర్చుకున్నారు. పెంటకుప్పలు పేర్చడం, పండిన గింజ ఒక్కటొక్కటే ఏరడం... ఆ పనిలో ఎక్కువ చేతులు ఆడవాళ్ళవే. ఆ కాఫీకి 2017లో పారిస్ నగరంలో సొంత దుకాణం తెరిచారు. 2018లో అక్కడే బంగారు పతకం వచ్చింది. ఫ్రాన్సు వాళ్ళ సీసా సంతోష్‌నగర్‌కి వస్తే, మన కొండ కాఫీ ఫ్రాన్సుకి వెళ్ళింది. రెండింటి వెనకా ఒకే మేష్టారు!

ఇంతకీ చిన్నమ్మగారింటి సీసా ఏమైందంటారా? అల్లుడు దాన్ని స్నేహితుడి ఇంటికి పట్టుకుపోయి, ఖాళీ సీసా వెనక్కి తెచ్చాడు. చిన్నమ్మ దాన్ని చింతపండుతో మూడుసార్లు తోమి, నీళ్ళు పోసి మనీప్లాంట్ పెట్టింది. కిటికీ పక్కన ఆకుపచ్చగా పాకుతోంది. అత్తగారు మాత్రం మేడ మీద కుండీల్లో బియ్యం కడుగు, కూరగాయ తొక్కలు, కాస్త పేడ వేసి టమాటాలు కాయించారు. కొమ్ము లేదు, చంద్రుడూ లేడు. మొన్న నాకూ నాలుగు ఇచ్చారు. పప్పులో వేస్తే... ఆ రుచి చెప్పనలవి కాదు!